ముడుపు కట్టిన తీగ

దూది చూస్తే ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మా బావ గుర్తొస్తాడు. మొన్న తిరుపతిలో మనవరాలి మోకాటి దెబ్బకని మందుల షాపులో దూదిచుట్ట కొన్నాను. వెనక్కి తిరిగేలోపే నా చెయ్యి చిటికెడు దూది తుంచి, షాపు ముందు రేకుల పందిరిని లాగి కట్టిన ఇనుప తీగ మీద పైనుంచి కిందికి రాసేసింది. షాపతను నా వంక అనుమానంగా చూశాడు. ఏమని చెప్పేది? బావ పోయి నాలుగేళ్లయింది, ఆయన అంటించిన జబ్బు మాత్రం నన్ను వదల్లేదు.

ఆయన మా అక్క మొగుడు. వడమాలపేట దగ్గర మామిడితోపు ఉన్న ఇంట్లో పుట్టి, మీసం నెరిసే దాకా సరుకు ఓడల్లో పనిచేశాడు. ఇక చాలనుకుని ఊరికొచ్చాడు. తోపు చూసుకుంటాడు కాబోలు అని అందరం సంతోషించాం. వచ్చిన రెండో ఏడే చెన్నై రేవులో ఒక తెరచాప పడవ కొన్నాడు. ఎవరో తెల్లాయన దాంట్లో దేశాలు తిరుగుతూ వచ్చి, జబ్బుపడి, విమానంలో ఇంటికి పోతూ వదిలేసిన పడవ అది. ఇద్దరు పడుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, నెలల తరబడి నీళ్ల మీద కాపురం చేయొచ్చు.

"పడవ అనుకోవద్దుమే, నీళ్లల్లో ఇల్లనుకో" అన్నాడట మా అక్కతో.

"నేల మీదుండే ఇంటికి సున్నం కొట్టించు ముందు" అంది అక్క.

సున్నం కొట్టించలేదు. నెలకోసారి పాకెట్లో దూది పెట్టుకుని చెన్నై బస్సెక్కేవాడు.

దూది ఎందుకో చెప్పాలి. ఆ పడవ నడుమ అల్యూమినియం స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. తెరచాప దానికే కడతారు. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఉక్కు తీగలు ఆ స్తంభాన్ని లాగి పట్టుకుని ఉంటాయి. గాలంతా తెరచాప మీద పడితే, ఆ బరువంతా ఆ తీగల మీద పడుతుంది. ఒక్కటి తెగిందా, స్తంభం నెత్తిన పడుతుంది. ఒక్కో తీగా సన్నటి పోగులు మెలిపెట్టి చేసింది. పోగు ఒకటి తెగితే కంటికి కనబడదు. దూదితో రాస్తే అక్కడ పట్టుకుంటుంది. బావ కళ్లు మూసుకుని రాసేవాడు. దూది పట్టుకున్న చోట ఆగి, "ఈడుండాడు దొంగ" అనేవాడు.

ఆ అలవాటు పడవతో ఆగలేదు. మా పెరట్లో బట్టల తీగ, చేదబావి గొలుసు, పసిపిల్లల ఉయ్యాల, దేన్నీ వదల్లేదు. మా చిన్నమ్మాయి పెళ్లిలో మాంగల్యధారణ వేళకు పెళ్లికూతురి మేనత్త మొగుడిగా పక్కన నిలబడాల్సిన పెద్దమనిషి కనబడకపోతే ఊరంతా వెతికాం. నిచ్చెనెక్కి షామియానా తాడు దగ్గరున్నాడు. "తాళి గట్టిగానే కడతార్లే, దీన్ని సూసేవాడు యాడుండాడు?" అన్నాడు దిగి వస్తూ.

ఒకసారి జాతరలో పిల్లలు రంగులరాట్నం ఎక్కుతామని గోల. బావ పిల్లల్ని ఆపి, తాను ముందు రాట్నం కిందికి దూరాడు. రాట్నం నడిపే అతను పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సారూ, దూదెందుకు? దెబ్బ తగిలిందా?"

"నీకింకా తగల్లేదబ్బా. తగలకముందే వచ్చినా."

ఒక తొట్టి తీగకు దూది పట్టుకుంది. కొత్త తీగ వేసేదాకా బావ ఆ తొట్టిలోనే కూర్చున్నాడు. దిగితే కదా వాళ్లు తిప్పేది. వేశాక మొదటి చుట్టు తానే తిరిగి, మా పిల్లల్ని పిలిచాడు. అప్పటికి వాళ్లకు నిద్రొచ్చేసింది.

ఆయన మాట ఒకటుంది. ఎవరి సంసారం గురించి మాట్లాడుకుంటున్నా, ఎవరి వ్యాపారం గురించి మాట్లాడుకుంటున్నా అదే అనేవాడు. "తెగేది నడిమధ్యలో గాదబ్బా. కట్టిన కాడనే తెగుతుంది." తీగల విషయంలో అది అక్షరాలా నిజం. తీగ కొసన ఉక్కు గొట్టం ఒకటి బిగించి ఉంటుంది, దాన్ని పట్టుకునే పడవకు తగిలిస్తారు. ఉప్పునీళ్లు ఆ గొట్టం లోపలికి దిగి, అక్కడే కూర్చుని, అక్కడే తింటాయి.

బావకు అరవై నిండిన ఏడు అది. పడవలో అండమాన్ దాకా పోయి రావాలని ఆయన కోరిక. అప్పటిదాకా పులికాట్ దాకా, ఇంకా ధైర్యం చేస్తే కృష్ణపట్నం దాకా పోయి వచ్చేవాడు. కళ్లు మసకబారుతున్నాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. "ఈ యేడు పోకుంటే నేనింక పోను బామ్మర్దీ. పడవ అమ్మేస్తా, తోపులో మంచమేసుకోని పండుకుంటా" అన్నాడు నాతో. ఆ మంచం మాట అన్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. అంత దూరం పోవాలంటే తెల్లాయన కాలం నాటి తీగలు పనికిరావు. అన్నీ మార్చాలి. ఒక్కటి కూడా పాతది ఉండకూడదు. పాత తీగ కొత్తవాళ్ల మధ్య ఉంటే అందరికంటే ముందు అదే పోతుంది, పోతూ మిగతావాళ్లను కూడా తీసుకుపోతుంది అనేవాడు.

రేవులో ఆ పనికి చోటివ్వలేదు. అప్పుడు బావకు తోచిన ఉపాయం ఇంకెవరికీ తోచదు. మామిడికాయలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీ మీద స్తంభాన్ని వడమాలపేటకు తెచ్చేశాడు. లారీ ముందూ వెనకా బారలు బారలు పొడుచుకొచ్చి, చివర మా అక్క పాత ఎర్ర రవికె గుడ్డ వేలాడుతూ వచ్చిందది. పుత్తూరు దాటుతుంటే టీకొట్టు దగ్గర ఎవరో కేకేశారట, "ఏందన్నా, ఇంత పొడుగు కాలు! కట్టు కట్టించినారా లేదా?" అని. పుత్తూరు అంటే విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు కదా. బావ లారీలోంచి తల బయటపెట్టి, "కట్టు మా తోపులోనే కడతామబ్బా, ఇరగకముందే!" అన్నాడు.

కోతలైపోయి తోపు ఖాళీగా ఉంది. చెట్ల నీడన దిమ్మెల మీద స్తంభాన్ని పడుకోబెట్టాం. నేనప్పుడు బడిపంతుల్ని. సెలవు దొరికిన రోజల్లా తోపుకు పోయేవాణ్ణి. పాత తీగను రెండు మామిడిచెట్ల మధ్య బిగించి కట్టి, దాని పక్కనే కొత్త తీగ పరిచి, కొలత చూసి కోసేవాడు. కొసన పోగుల్ని జడ విప్పినట్టు విప్పి, నడుమ చిన్న ఇత్తడి మేకు లాంటిది దూర్చి, మళ్లీ జడ అల్లినట్టు మూసి, పైన గొట్టం మర బిగించేవాడు. కళ్లజోడు దారంతో మెడకు కట్టుకుని, ఖాకీ నిక్కరుతో మోకాళ్ల మీద కూర్చుంటే చూడ్డానికి బడిలో శిక్ష పడిన పిల్లాడిలా ఉండేవాడు. ఒక రోజు భోజనానికి పోయి వచ్చేసరికి ఆ కొలత తీగ మీద మా అక్క చీరలు ఆరేసి ఉన్నాయి.

"ఏమే, అది కొలతలు తీసే తీగ!"

"తీగంటే బట్టలారేసేదే. నాకు తెలిసిన కొలత అదే" అంది అక్క. సాయంత్రం దాకా పని ఆగిపోయింది. చీరలు తీసే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

పాత తీగల కోసం పక్క తోపు రైతు వచ్చాడు. బోరులోకి మోటరు దించడానికి కావాలన్నాడు. చూడ్డానికి తళతళా మెరుస్తున్నాయి మరి.

"ఇయ్యను" అన్నాడు బావ.

"పారేసేదే గదన్నా!"

"పారేసేది గాబట్టే ఇయ్యను. నా నెత్తిన పడగూడదని తీసేసింది నీ నెత్తిన ఎయ్యాల్నా?"

ఆ రైతు అలిగి పోయాడు. బావ కూర్చుని ఆ పాత తీగలన్నిటినీ జానెడు జానెడు ముక్కలు కోశాడు, ఇంకెవరూ దేనికీ కట్టుకోకుండా. మరునాడు కొత్త తీగలో మిగిలిన ముక్క పట్టుకుని ఆ రైతు ఇంటికి తానే పోయాడు. మా బావ మనిషి అట్లాంటివాడు. ఆయన మీద కోపం రాత్రి దాటి నిలిచేది కాదు.

అన్ని తీగలూ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఎడమ పక్క పెద్ద తీగ.

దాని కింది కొసకు ముడుపు కట్టి ఉంది. పసుపులో తడిపిన గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, తీగకూ గొట్టానికీ కలిపి చుట్లు చుట్లుగా చుట్టి ముడివేసిన ముడుపు. కట్టింది బావ వాళ్లమ్మ, అంటే నాకు అత్త. ఎనభైకి దగ్గరపడిన మనిషి. పడవ కొన్న కొత్తలో బావ ఆమెను రేవుకు తీసుకుపోయాడు. ఆమె పడవలో కాలు పెట్టలేదు. గట్టు మీద నిలబడి, చెయ్యి చాచి, అందిన తీగకు ముడుపు కట్టింది. నా కొడుకు ఆ పక్క గట్టుకు పోయి క్షేమంగా తిరిగొస్తే ముడుపు విప్పి కొండకు నడిచొస్తాను సామీ అని మొక్కుకుంది. ఏటా ఆయుధపూజకు దాని మీద పసుపునీళ్లు చల్లి, గంధం పూసి రమ్మని కొడుక్కు చెప్పి పంపేది. బావ తప్పకుండా చేసేవాడు. తడిగుడ్డ కింద, గాలి తగలని చోట, ఉప్పుతో కలిసి ఉక్కుకు ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. అమ్మ కట్టింది కదా అని కళ్లు మూసుకున్నాడు. ఊళ్లో ప్రతి తీగనూ తడిమిన మనిషి దాన్ని మాత్రం తడమలేదు.

"మా, ఆ ముడుపు ఇప్పాల. తీగ మార్చాల" అన్నాడు ఒక మధ్యాహ్నం.

అత్త నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "మొక్కు తీరకుండా ముడుపెట్ల ఇప్పుతార్రా? నువ్వు పోయి రా, వచ్చినంక ఇప్పుతా."

"ఇప్పకపోతే పోయి వచ్చేదానికి లేదు మా."

"ఇప్పితే సామికిచ్చిన మాట ఇప్పినట్టే. నా కంఠంలో పానముండంగా ముట్టుకోవద్దు."

అంతే. తల్లీ కొడుకులు మాటలు మానేశారు. స్తంభం చెట్ల కింద పడుకుని ఉంది, చుట్టూ కొత్త తీగలు చుట్టలు చుట్టి ఉన్నాయి, ఆ ఒక్క తీగ మాత్రం పాతదే. బావ తోపుకు పోయి ఊరికే కూర్చుని వచ్చేవాడు. నేను చూడలేక ఒక సలహా ఇచ్చాను.

"బావా, చెన్నైకి పోయినాక విప్పేసి కొత్త తీగకు కట్టేద్దాం. అత్తకేం తెలుస్తుంది?"

"ఆమెకు తెలీదురా" అన్నాడు. "నేను ఆమె మొగం సూడాల గదా, వచ్చినంక."

ఆయన పోడు, పడవ అమ్మేస్తాడు, ఆ మంచం వేసుకుంటాడు అని నాకు ఖాయమైపోయింది.

తర్వాతి ఆదివారం బావ మూడు చిన్న డబ్బాలు తెచ్చాడు. శ్రీహరికోటలో పనిచేసే స్నేహితుడు ఇచ్చాడట. లోహంలో కంటికి కనబడని పగుళ్లు ఉంటే కనిపెట్టే మందు. ముందు ఎర్ర మందు పూయాలి. పగులుంటే అది లోపలికి దిగుతుంది. పైనంతా తుడిచేసి తెల్ల మందు పూయాలి. లోపల దాక్కున్న ఎరుపు ఆ తెలుపు మీదికి ఊరుకుంటూ వస్తుంది. అత్త మంచం పక్కనే తీగ పరిచి పని మొదలుపెట్టాడు. మాట్లాడలేదు. ఆమె కూడా తల ఎత్తలేదు, చింతపండు గింజలు తీసుకుంటూనే ఉంది.

ముందు ఆ తీగ పై కొసకు పూశాడు. ఏమీ రాలేదు. తెల్లగానే ఉంది.

అత్త ఓరకంట చూసింది. "సూసినావా? సామి కాపాడతా ఉండాడు" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

బావ కింది కొసకు వచ్చాడు. ముడుపును ముట్టుకోలేదు. గుడ్డ అంచు పైన వేలెడు ఉక్కు కనబడుతోంది, అంతవరకే ఎర్ర మందు పూశాడు. ఆగాడు. తుడిచాడు. తెల్ల మందు పూశాడు. ముగ్గురం చూస్తున్నాం. కాసేపటికి ఆ తెల్లదనం నడుమ సన్నగా, నిలువుగా, ఎర్రటి గీత ఒకటి పుట్టింది. పుట్టి, కిందికి దిగి, పసుపు గుడ్డ లోపలికి పోయింది.

అత్త చేతిలో చింతపండు కింద పెట్టేసింది. మంచం దిగి వచ్చి, వంగి, చాలాసేపు చూసింది. ఆమె మొగుడు, మా మామ, బతికున్నన్నాళ్లూ పొద్దున్నే నుదుట తెల్లమన్ను పెట్టి నడుమ ఎర్రగీత దిద్దుకున్న మనిషి. ఆ గీతను ఆమె ఎన్ని వేల ఉదయాలు చూసిందో.

"నామం" అంది మెల్లగా.

బావ వైపు చూశాను. ఆయన 'ఊ' అంటే చాలు, పని అయిపోతుంది. దేవుడే చూపించాడని ఆమె తన చేత్తోనే విప్పేస్తుంది.

"నామం గాదు మా" అన్నాడు బావ. "పగులు. మందు ఎర్రది, అందుకే ఎర్రంగా కనపడతా ఉండాది. నీకు అబద్ధం సెప్పి ఇప్పించుకోను."

ఇంత మొండివాడు లోకంలో ఉంటాడా అని నా కడుపు మండింది. అత్త లేచి నిలబడి కొడుకు మొహంలోకి చూసింది.

"నీకు పగులు. నాకు నామం. ఇద్దురికీ సెప్తాండేది ఒకటే మాట గదరా, ఎర్రిబాగులోడా!"

నేల మీద కూర్చుని, తన చేత్తోనే ముడి విప్పింది. ఏళ్ల తరబడి బిగిసిన ముడి, గోళ్లతో పీకి పీకి విప్పింది. గుడ్డ కింద ఉక్కు నల్లబడి గుంటలు పడింది. బావ ఆ కొసను రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచాడు. అంతే, పోగులు పటపటా తెగి గొట్టం ఊడి చేతికొచ్చింది. బావ దాన్ని అమ్మ ముందు నేల మీద పెట్టాడు.

"గుడ్డ కట్టిన కాడనే కుళ్లిందే" అంది అత్త. "నేను కట్టినందుకేనా?"

"అవును మా. గాలాడక."

"ముందే సెప్పలేదేంరా?"

"సెప్తే ఏడుస్తావని."

"బతికుండే కొడుకును సూసి ఏడిస్తే ఏమయిందిరా, సన్నాసీ!" అని నెత్తిన ఒకటి మొట్టింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ పసుపు గుడ్డనూ రూపాయి బిళ్లనూ మళ్లీ మూట కట్టింది. "చొక్కా ఎత్తు."

"ఏందిమా?"

"మొక్కుకునింది నీ కోసరం. ఆ కమ్మి కోసరం గాదు." అరవై ఏళ్ల కొడుకు మొలతాడుకు ముడుపు కట్టి, ముడి గట్టిగా లాగి చూసింది. "తోలు తుప్పు పట్టదులే."

బావ కడుపు పట్టుకుని నవ్వాడు. అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏమైందో తెలియకుండానే నవ్వింది. ఆ సాయంత్రానికల్లా ఎడమ పక్క కొత్త తీగ తయారైంది.

తుఫాన్ల కాలం పోయాక స్తంభం మళ్లీ లారీ ఎక్కింది. రేవులో క్రేనుతో నిలబెట్టారు. మాఘమాసంలో బావ, తనతో ఓడల్లో పనిచేసిన ఒక పాత స్నేహితుడు కలిసి బయల్దేరారు. ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో అక్కకే తెలియాలి. ఫోను మోగితే చాలు, పొయ్యి మీద పాలు పొంగినా చూసేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం గరగరమంటూ అండమాన్ నుంచి బావ గొంతు వినబడింది.

"తీగలన్నీ బాగుండాయి!"

"నువ్వో?" అని అరిచింది అక్క.

"నేను గూడా!"

"ముందు తీగల సంగతా!" అని ఫోనులోనే తిట్టింది. తిడుతూ ఏడ్చేసింది. అత్త మాత్రం ఫోను అందుకోలేదు. "సగమే అయింది. రానీ" అంది.

తిరిగొచ్చే రోజుకు వ్యానులో అందరం రేవుకు పోయాం, పులిహోర గిన్నెలతో సహా. దూరాన తెల్లటి తెరచాప, దాని నడుమ నిటారుగా స్తంభం కనబడ్డాక మేము ఎవరి మాటా ఎవరం వినలేదు. అందరం అరుస్తున్నాం. బావ నల్లగా మాడి, గడ్డం పెరిగి, గట్టు మీదికి ఎగిరి దూకాడు. మోకాళ్లు మొరాయించలేదు. నడిసముద్రంలో ఒక పూట గాలివాన పట్టిందట. పడవ పక్కకు పడుకుని, స్తంభం ఎడమ తీగ మీదే వేలాడిందట. "తీగ పాడింది బామ్మర్దీ! తెగలేదు, పాడింది!" అన్నాడు నన్ను కుదిపేస్తూ. ఇన్నాళ్లూ దూది పట్టుకుని తిరిగినందుకు నవ్విన మేమందరం ఆ క్షణం ఆయన ముందు చిన్నబోలేదు, పొంగిపోయాం. 'మా బావరా!' అని రేవులో తెలియని వాళ్లకు కూడా చెప్పాను.

మొలతాడు ముడుపు విప్పబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొండకు రేప్పొద్దన పోదాం. ముందు నన్ను దీంట్లో ఎక్కించు."

"నువ్వా?"

"నేనే. ఇంతమందిని ఇన్నాళ్లు ఏడిపించిందే, ఏముందో సూడొద్దా?"

ఇద్దరం చేతులు పట్టి ఎక్కించాం. అక్క ఎక్కింది, నేనూ ఎక్కాను, ఎక్కనంటే సిగ్గుచేటని. రేవు దాటగానే గాలి తెరచాపను పట్టింది, ఎడమ తీగ బిర్రబిగిసింది, పడవ కుడిపక్కకు ఒరిగింది. అక్క కెవ్వుమంది. నేను కళ్లు మూసుకున్నాను. అత్త ఒరిగిన పక్కనే కూర్చుని ఉంది, పట్టుకొయ్యను ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాచి.

"బయమేస్తాందా మా? నిదానంగా పోదామా?" అన్నాడు బావ చుక్కాని దగ్గర నుంచి.

"ఇంకా రోంత వంచురా! నీళ్లు అందలేదు నాకు!"

బావ వంచాడు. అత్త చెయ్యి సముద్రంలో మునిగింది. ఆ తడిచేతిని నెత్తిన రాసుకుని, "ఏడుకొండలవాడా!" అని గొంతెత్తి అరిచింది. కళ్లు మూసుకున్న నేను, కెవ్వుమన్న అక్క, చుక్కాని పట్టుకున్న బావ, అందరం ఒక్కసారిగా అన్నాం, "గోవిందా, గోవింద!"